రాణి, ఆరు, నాలుగు

పోయిన నెల ఒక మధ్యాహ్నం కొట్టులో కూర్చుని మేకులు తూకం వేస్తుంటే కడప నుంచి ఫోను వచ్చింది. జగిత్యాల బస్టాండుకు కాస్త ఇవతల నాకొక చిన్న హార్డ్‌వేరు కొట్టు ఉంది. కొత్త నంబరు ఎత్తితే ఎవరో ఒకరు ఇనుప తీగ ధర అడుగుతారు. ఈ గొంతు ధర అడగలేదు.

"సలామలేకుం చాచా. నేను ఫలానా ఆయన కొడుకుని" అని ఒక పేరు చెప్పింది.

ఆ పేరు నాకు తట్టలేదు. "ఎవరు బిడ్డా?" అన్నాను.

"రియాద్‌లో మీతో పేక ఆడించేవాడంట గదా."

అప్పుడు తెలిసింది. అక్కడ సులైలో మా కంపెనీ క్యాంపులో ఆయన్ని అసలు పేరుతో పిలిచినవాళ్లు లేరు. అందరికీ ఆయన ఆర్నాలుగు భాయ్.

"అబ్బాజాన్ పోయి పదకొండు దినాలయింది చాచా. డైరీలో మీ నంబరు ఉండాది. చెప్పాలనిపించి చేసినా."

తక్కెడలోంచి మేకులు తీసి పక్కన పెట్టాను. ఆ పిల్లవాడు తన గురించి కూడా చెప్పాడు. పిల్లవాడు అంటున్నాను గానీ ముప్పై దాటి ఉంటాయి. కడపలో ఒక మదరసాలో చదువు చెబుతాడట.

"ఒక మాట అడగాల చాచా. ఆఖర్లో ఆస్పత్రిలో మమ్మల్ని గుర్తుపట్టేది మానేసినాడు. అయినా అన్నం తిన్నాక, మందు మింగినాక, అరచేతులు రెండూ ఒకసారి దులిపి ఇట్లా పైకీ కిందికీ తిప్పుతాండె. నర్సమ్మలు నవ్వుతాండ్రి. ఇంట్లో గూడా ఎప్పుడూ అంతే. ఏంది అది అంటే, సులైలో ఒకాయన ఉండె, ఆయనకు తెల్సు అంటాండె. మీకు తెల్సునా?"

"తెలుసు బిడ్డా. సాయంత్రం నేనే చేస్త" అని పెట్టేశాను.

కొట్టులో ఎవరూ లేరు. అప్పుడే చెప్పి ఉండొచ్చు. కానీ ఆ చేతుల గురించి నా దగ్గర ఇరవై ఏళ్లకు పైగా తేలని లెక్క ఒకటి ఉంది. అది తేలకుండా ఆ పిల్లవాడికి సగం జవాబు చెప్పడం నాకు ఇష్టం లేకపోయింది.

ఆయన్ని తలుచుకుంటే ముందు మొహం రాదు, చేతులే వస్తాయి. పొడుగాటి వేళ్లు. ఎప్పుడూ కత్తిరించిన గోళ్లు. ఏసీల్లో గ్యాసు నింపీ నింపీ అరచేతులు తెల్లగా ఎండిపోయి ఉండేవి. మా క్యాంపులో ఏసీలు, జనరేటరు ఆయన చూసేవాడు. నేను స్టోరు చూసేవాణ్ని. కంప్రెసరు బిగించి నిచ్చెన దిగగానే ఆయన చేతులు దులిపేవాడు. ఎండుటాకు మీద ఎండుటాకు పడ్డట్టు చిన్న చప్పుడు. తర్వాత అరచేతులు ఒకసారి పైకి, ఒకసారి కిందికి. టీ తాగి గ్లాసు కింద పెట్టాక అంతే. ఎవరికైనా చెయ్యి కలిపి వదిలాక కూడా అంతే. కొత్తగా వచ్చినవాళ్లు ఇదేదో వాళ్ల వైపు ఆచారం అనుకునేవారు.

ఆచారం ఓడది. కువైట్ యుద్ధం అయిపోయాక కొన్నేళ్లు ఆయన ఒక ప్యాసింజరు ఓడలో పనిచేశాడు. ఎక్కింది ఏసీల పనికే. ఆ ఓడలో జూదమాడే హాలు ఒకటి ఉండేది. ఒకసారి మనిషి తక్కువైతే ఈయన చేతులు చూసి టేబులు దగ్గర నిలబెట్టారు. ఒక ఫిలిప్పీనో ముక్కలు పంచడం నేర్పాడు. పంచినవాడు ప్రతిసారీ పేక కింద పెట్టి, చేతులు దులిపి, రెండు వైపులా తిప్పి చూపాలి.

"పైన కెమెరా ఉంటాదప్పా. మన చేతిలో ఏమీ దాచుకోలేదని దానికి చూపాల" అనేవాడు.

మా గదిలో పరంజా కట్టే లచ్చన్న ఉండేవాడు, సిరిసిల్ల దిక్కు మనిషి. తలెత్తి రేకుల కప్పు చూసి, "మరి ఈడ కెమెరా ఏడున్నది భాయ్?" అని అడిగాడు.

"యాడో ఉంటాదిలే" అన్నాడాయన.

శుక్రవారాలు ఇప్పటికీ నాకు పసుపురంగులో గుర్తొస్తాయి. ఎండ రాకుండా కిటికీకి వెండి కాగితం అంటించుకునేవాళ్లం. ఎక్కడో ఒక చిరుగు ఉండేది. దానిలోంచి ఒక గీతలాగా వెలుగు వచ్చి నేల మీద పరిచిన దుప్పటి మీద పడేది. ఆయన నమాజు నుంచి వచ్చేవాడు. మేము పప్పు, అన్నం తిని సగం నిద్రలో ఉండేవాళ్లం. బయట గోదాముల సందుల్లో గాలి, ఇసుక. లోపల ఏసీ నీటి బొట్టు బకెట్లో పడుతున్న చప్పుడు. ఆయన గోడకు ఆనుకుని కూర్చుని పేక తీసేవాడు. వెలుగు గీతకు ఆవల మేము, ఈవల ఆయన. మధ్యలో దుమ్ము రేణువులు తేలుతూ ఉండేవి. ఆ గదిలో మాట కూడా నెమ్మదిగా నడిచినట్టు ఉండేది.

పందేనికి ఖర్జూరం గింజలు. కడిగి ఆరబెట్టి పాలపొడి డబ్బాలో పోసి ఉంచేవాడు. ఒకసారి లచ్చన్న సరదాకు ఐదు రియాళ్ల నోటు దుప్పటి మీద పెట్టాడు. ఆయన ఆట అక్కడే ఆపేశాడు. ముక్కలు సర్ది, చేతులు దులిపి తిప్పి, లేచి వెళ్లిపోయాడు. రెండు శుక్రవారాలు పేక బయటికి రాలేదు. మూడో శుక్రవారం లచ్చన్నే గింజల డబ్బా పట్టుకుని ఆయన గదికి పోయాడు.

నాకు ఆయన దగ్గరైంది ఒక తగాదా వల్ల. మా ఊళ్లల్లో మూడు ముక్కలాటలో అన్నిటికంటే పెద్దది ట్రయల్. మూడు ఆసులు గానీ, మూడు ఏడులు గానీ, ఒకే అంకె మూడుసార్లు రావడం. దాని తర్వాతే ప్యూర్ సీక్వెన్స్, అంటే ఒకే గుర్తులో వరుసగా మూడు. ఓడలో దీనికి తలకిందులు అని ఆయన చెప్పాడు. అక్కడ ప్యూర్ సీక్వెన్సే పైది.

"ఏం జెప్తున్నవ్ భాయ్? మా తాత కాలం కాడికెల్లి ట్రయలే పెద్దది" అని లచ్చన్న లేచాడు.

"మీ తాత ఓడ ఎక్కినాడా?"

"ఎక్కకున్నా ఆడిండు గద."

నేను అప్పటిదాకా ఆట చూస్తూ కూర్చున్నాను. స్టోరు చీటీ ఒకటి తిరగేసి లెక్క వేశాను. పదో తరగతి తర్వాత నాకు ఎవరూ లెక్కలు చెప్పలేదు. కాగితం కనపడితే వేసుకుంటూ పోవడమే. యాభై రెండు ముక్కల్లోంచి మూడు ముక్కలు ఇరవై రెండు వేల నూరు రకాలుగా రావచ్చు. అందులో ట్రయల్ యాభై రెండుసార్లు. ప్యూర్ సీక్వెన్స్ నలభై ఎనిమిదిసార్లు. అరుదుగా వచ్చేదే పెద్దదైతే ఓడవాళ్లదే న్యాయం. చీటీ ఆయన ముందు పెట్టాను.

ఆయన చాలాసేపు చూశాడు. "నాలుగుసార్ల తేడా" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "ఇన్నాళ్లూ నేను నమ్మినా గానీ నాకు తెలీదప్పా. నువ్వు చూపినావు" అన్నాడు. ఆ చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. లచ్చన్న మాత్రం ఆ రోజు నుంచి నన్ను కూడా ఓడవాడి కింద జమకట్టాడు.

ఆయన ఆడించే ఆట మన ఆటకు చుట్టమే గానీ నడక వేరు. ఆడేవాడు ముందు ఒక గింజ పెడతాడు. ఆయన మూడు ముక్కలు ఆడేవాడికి, మూడు తనకు పంచుతాడు. తనవి బోర్లానే ఉంటాయి. ఆడేవాడు తన ముక్కలు చూసుకుని, బాగాలేవనుకుంటే ప్యాక్ అని పడేయొచ్చు. పెట్టిన గింజ పోతుంది. ఆడాలనుకుంటే ఇంకో గింజ పెట్టాలి. అప్పుడు ఆయన తన ముక్కలు తిప్పుతాడు. ఆయనకు కనీసం రాణి రాకపోతే, మొదటి గింజకు ఇంకో గింజ ఇస్తాడు, రెండోది ఊరికే వెనక్కి వస్తుంది. రాణి గానీ అంతకంటే పెద్దది గానీ వస్తే, ఎవరి ముక్కలు గొప్పవైతే వాళ్లవే గింజలు.

దీనికి ఆయన చెప్పే ఉపాయం ఒక్కటే. రాణి, ఆరు, నాలుగు. జత గానీ, రాజు గానీ, ఆసు గానీ ఉంటే ఇంకేమీ చూడకుండా ఆడాలి. పెద్దముక్క రాణి అయితే పక్కన కనీసం ఆరు ఉందా, ఆరే అయితే దాని పక్కన కనీసం నాలుగు ఉందా చూసుకోవాలి. అంతకు తగ్గితే పడేయాలి. అందుకే ఆయన పేరు ఆర్నాలుగు భాయ్.

"ఈ మూడు ముక్కలే గీతప్పా. గీత కింద ఉంటే ఏడ్వకుండా పడెయ్. గీత పైన ఉంటే వణక్కుండా పెట్టు. సరిగ్గా గీత మీదనే నిలబడినావనుకో, అప్పుడు తెలుస్తాది నువ్వెవరో" అనేవాడు.

మావాళ్లకు ఇది ఎక్కేది కాదు. ఊళ్లో మూడు ముక్కలంటే ముక్కలతో ఆడేది సగం, మొహంతో ఆడేది సగం. చేతిలో ఏమీ లేకపోయినా ఎదుటివాణ్ని భయపెట్టి లేపడంలోనే మజా. లచ్చన్న ముక్కలు చూడకుండానే గింజలు పెట్టి, మీసం తిప్పి, ఆయన కళ్లలోకి చూస్తూ ఊగేవాడు.

"ఎవర్ని భయపెడతాండావప్పా?"

"నిన్నే భాయ్."

"నేను భయపడి పడేసేకి లేదు గదా. ఆటలో నాకు ఆ దారే పెట్టలేదు. రాణి వస్తే ఉంటా, రాకపోతే లేను. నా మొగం ఎందుకు చూస్తావు? నా ముక్కలు నాకే తెలీవు."

లచ్చన్నకు ఆ మాట నచ్చేది కాదు. భయపడని వాడితో ఆడటం గోడతో కొట్లాడినట్టు ఉంటుందనేవాడు. అయినా ప్రతి శుక్రవారం మీసం తిప్పేవాడు, ప్రతి శుక్రవారం గింజలన్నీ పోగొట్టుకునేవాడు.

టేబులు మీద పక్కగా ఇంకో గుండ్రం ఉంటుందని, అందులో గింజ పెడితే జత గానీ అంతకు మించినది గానీ వచ్చినప్పుడు చాలా గింజలు ఇస్తారని ఆయన చెప్పాడు. దుప్పటి మీద సుద్దతో ఆ గుండ్రం గీశాడు కూడా. గీసి, "దీని దగ్గరికి పోవద్దు. మెరిసేదంతా దీన్లోనే పెట్టి ఉంటారు" అన్నాడు. నేను లెక్క వేస్తే జత గానీ పైది గానీ నాలుగుసార్లలో ఒకసారి వస్తుంది. మిగిలిన మూడుసార్లు గుండ్రం గింజ తినేస్తుంది.

కొన్ని నెలలు నేను ప్రతి ఆటా చీటీ మీద గీతలు పెట్టుకున్నాను. ఆయన చెప్పినట్టు తప్పకుండా ఆడినా వందకు మూడు నాలుగు గింజలు ఆయన డబ్బాలోకే పోతున్నాయి. ఆ చీటీ తెచ్చి చూపిస్తే ఆయన నవ్వాడు.

"ఈ గీత నిన్ను గెలిపిస్తాదని నేనెప్పుడు చెప్పినా? నిదానంగా ఓడిపోయేటట్టు చేస్తాది. అంతకంటే యాడా ఏమీ దొరకదప్పా."

వెలుగు గీత అప్పటికి గోడ మీదికి ఎక్కేసింది. ఆ మాట అన్నప్పుడు ఆయన సగం మొహం పసుపుగా, సగం చీకటిగా ఉంది. నాకు ఆయన మొహం సరిగ్గా గుర్తున్నది ఆ ఒక్కసారే.

రాస్ తనూరా చమురు రేవు గురించి ఎప్పుడో గానీ మాట్లాడేవాడు కాదు. మొదటి యుద్ధంలో ఆయన అక్కడ ఒక కాంట్రాక్టరు కింద ఉన్నాడు. సైరన్ మోగితే మాస్కులు తగిలించుకుని గోడవార కూర్చునేవారట. యుద్ధం ఆగాక కువైట్‌లో చమురు బావులు తగలబడి, పొగ సముద్రం మీదుగా ఈ వైపు వచ్చిందట. పట్టపగలు బండ్లు దీపాలు వేసుకుని నడిచాయట. "నల్లటి మధ్యాహ్నంలో ఏసీ బాగుచేస్తాంటి. చల్లగాలి గూడా నల్లగా వస్తాదేమో అనిపించె" అన్నాడు.

ఆ రోజుల్లోనే కడపలో ఆయన భార్య ప్రసవించింది. మొదటి కాన్పు, కొడుకు. యుద్ధంలో ఎవరినీ బయటికి పంపలేదు. ఉత్తరం రెండు నెలలకు వచ్చింది. ఆయన కొడుకును చూసేసరికి వాడికి రెండేళ్లు. "నన్ను చూసి తలుపు చాటుకు పోయి దాక్కున్నాడప్పా. బయటికి రమ్మని బొమ్మ చూపినా. బొమ్మ తీసుకుని మళ్లా దాక్కున్నాడు." ఇది చెప్పి చేతులు దులిపి తిప్పాడు. చెప్పడం అయిపోయిందని అర్థం.

ఆ కొడుక్కు పన్నెండేళ్లు వచ్చేసరికి రెండో యుద్ధం మాట మొదలైంది. అమెరికా వాళ్లు ఇరాక్ మీదికి దిగుతారని, దిగితే విమానాలు ఆగిపోతాయని టీవీలో రోజూ అదే. సెలవు అడిగినవాళ్లతో ఆఫీసు నిండిపోయింది. మా ముదీర్, అంటే మేనేజరు, ఈజిప్టువాడు, చెడ్డవాడు కాదు. మా ఇద్దర్నీ పిలిచి ఒకే ఒక్క సెలవు కాగితం చూపించాడు. స్టోరు తాళాలు, జనరేటరు తాళాలు తెలిసినవాళ్లం మేమిద్దరమే. ఒకరు పోతే ఇంకొకరు ఉండాలి. ఎవరు పోతారో శనివారం పొద్దున చెప్పమన్నాడు.

వంతు ప్రకారం సెలవు ఆయనది. రెండేళ్లు నిండాయి. పైగా ఆయన కొడుకు ఖురాన్ మొత్తం కంఠస్థం చేశాడు. వచ్చే నెల ఊళ్లో నలుగురి ముందు వాడికి తలపాగా కడతారు. దాని కోసం ఆయన షరఫియా బజారులో తెలిసినవాళ్లకు చెప్పి తెల్లటి మేలురకం గుడ్డ తెప్పించి పెట్టెలో పెట్టుకున్నాడు. అప్పుడప్పుడు తీసి మడత మార్చి మళ్లీ పెట్టేవాడు.

నేను ఎనిమిది నెలల కిందనే ఇంటికి పోయి వచ్చాను. నా వంతు రావడానికి ఇంకా ఏడాదికి పైన ఉంది. కానీ నా భార్యకు నెలలు నిండుతున్నాయి. అంతకు ముందు మాకు ఒక బిడ్డ పుట్టి మూడు గంటలే ఉంది. అప్పుడు నేను ఇక్కడ సిమెంటు బస్తాలు లెక్కపెడుతున్నాను. ఈసారి ఆమెకు బీపీ ఎక్కువగా ఉందని, కాన్పు కష్టమవుతుందని డాక్టరమ్మ చెప్పింది. ఫోనులో ఆమె ఏడవలేదు. "ఈసారి నువ్వు రావాలె. నాకు భయమైతున్నది" అని మాత్రం అంది.

ఆయనకు ఈ సంగతి నేను చెప్పలేదు. లచ్చన్న చెప్పాడు.

గురువారం పని అయిపోయాక, అసర్ నమాజు తర్వాత, ఆయన మా గదికి వచ్చాడు. చేతిలో పేక ఉంది. గురువారం ఆయన పేక తీయడం అదే మొదటిసారి.

"పోయిరాప్పా నువ్వు" అన్నాడు.

"నీ వంతు భాయ్. నేను తీసుకోను."

"తెలుసు. ఇస్తే తీసుకోవు నువ్వు. ఆడి తీసుకుంటావా?"

ఆయన దుప్పటి పరిచి రెండు గింజలు తీశాడు. "మొదటి గింజ ఈ సెలవు. రెండోది నీ వచ్చే సెలవు. ఆట తెల్సు గదా. పడేస్తే ఈసారి నేను పోతా, నీ వచ్చేది నీకే. ఆడి ఓడితే రెండూ నావి."

"పిచ్చి లేసిందా మీకు? గిట్లనా సెలవు తేల్చేది?" అన్నాడు లచ్చన్న.

"ఇంకెట్ల తేలుస్తావు? వీడు తీసుకోడు, నేను తీసుకోలేను."

నేను ఒప్పుకున్నాను. ఆయన ముక్కలు కలిపాడు. ఎప్పటిలాగే పేక నా ముందుకు చాపి కొయ్యమన్నాడు. నేను కొయ్యకుండా వేలితో పైన ఒకసారి తట్టి వదిలేశాను. ఆయన మూడు నాకు, మూడు తనకు పంచాడు. పేక కింద పెట్టి, పక్కనున్న టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాడు. చలికేమో అనుకున్నాను. చలికాలం ఇంకా పూర్తిగా పోలేదు.

ముక్కలు ఎత్తాను. ఇస్పేటు రాణి. డైమాను ఆరు. కళావరు నాలుగు.

గీత మీద నిలబడ్డాను. లెక్క నాకు ఎప్పటినుంచో తెలుసు. పదిసార్లు ఈ ముక్కలతో ఆడితే దగ్గర దగ్గర ఏడుసార్లు ఓడిపోతాను. అయినా పడేయడం కంటే ఆడటమే వెంట్రుకవాసి మేలు. కాగితం మీద ఆ వెంట్రుక నాకు కనపడింది. దుప్పటి ముందు కూర్చుంటే కనపడలేదు. పడేస్తే ఈ కాన్పుకు లేను గానీ వచ్చే ఏడాదికి పోగలను. ఆడి ఓడితే నా మనిషి మొహం చూడటానికి ఎన్నేళ్లో.

వెనక నుంచి లచ్చన్న ముక్కలు చూసి, "ప్యాక్ గొట్టురా బై. గవేం ముక్కలు?" అని గొణిగాడు.

ఆయన మొహం చూశాను. చూడొద్దని ఎన్నిసార్లు చెప్పాడో. ఆయన నన్ను చూడటం లేదు. టీ గ్లాసులోకి చూస్తున్నాడు. ఏసీ బొట్టు బకెట్లో పడింది. ఇంకో బొట్టు పడింది. మూడో బొట్టుకు నేను రెండో గింజ పెట్టాను.

ఆయన గ్లాసు దించి తన ముక్కలు తిప్పాడు. జాకీ, తొమ్మిది, రెండు. రాణి లేదు. మొదటి గింజ నా వైపు తోశాడు. రెండోది నా చేతిలో పెట్టి, "నీ వచ్చే సెలవు గూడా నీ దగ్గరే ఉండనీ" అన్నాడు. లేచి వెళ్లిపోయాడు.

నేను పోయిన తొమ్మిదో రోజు మాకు ఆడబిడ్డ పుట్టింది. నా భార్యకు ఫిట్సు వచ్చాయి. రక్తం కావాలంటే నాది సరిపోయింది, ఇద్దరూ దక్కారు. నేను లేకపోతే ఇంకెవరైనా ఇచ్చి ఉండేవారేమో. ఆ లెక్క నేనెప్పుడూ వేయలేదు.

యుద్ధం మొదలైంది, ముగిసింది. నేను తిరిగి సులై వచ్చాను. ఆయనకు బిడ్డ ఫొటో చూపించాను. ఆయన చేతులు తుడుచుకుని అందుకుని, వెలుగు గీతలో పెట్టి చూశాడు. తర్వాత తన గదికి పోయి పెట్టెలోంచి ఇంకో ఫొటో తెచ్చి ఇచ్చాడు. తెల్లటి తలపాగాతో ఒక అబ్బాయి, చుట్టూ పెద్దమనుషులు. తలపాగా గుడ్డ కొరియరులో పంపాడట. తండ్రి ఉండాల్సిన చోట ఎవరో మేనమామ నిలబడి ఉన్నాడు.

ఆ శుక్రవారం ఆట అయ్యాక అందరూ పడుకున్నారు. నేను అడిగాను.

"భాయ్, ఆ రోజు రాణి, ఆరు, నాలుగే ఎట్ల వచ్చినయి?"

"లెక్క నీది గదా. నువ్వే చెప్పు."

చెప్పాను. రాణి, ఆరు, నాలుగు కలిసి వచ్చేది ఇరవై రెండు వేల నూరులో అరవైసార్లు. అంటే మూడు వందల అరవై ఎనిమిదిలో ఒకసారి. రోజుకొక ఆట ఆడితే ఏడాదికొకసారి. అదే ఆటలో పంచేవాడికి రాణి రాకుండా పోయేది పదిలో మూడుసార్లు. రెండూ కలిస్తే పన్నెండు వందల్లో ఒకటి.

"సున్నా కాదు గదా" అన్నాడు.

"కాదు."

"అయితే వచ్చుంటాది" అని పేక సర్ది, చేతులు దులిపి, పైకీ కిందికీ తిప్పి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

మరుసటి ఏడాది ఆయన శాశ్వతంగా ఇంటికి పోయాడు. గింజల డబ్బా నాకు ఇచ్చాడు. అది ఇప్పుడు ఈ కొట్టులోనే, గల్లాపెట్టె పక్కన ఉంది. బోలెడుసార్లు ఒక్కణ్నే ముక్కలు పంచుకుని చూశాను. పన్నెండు వందల్లో ఒకటి ఎక్కడో ఒకచోట రావాల్సిందే గదా, నాకే వచ్చిందనుకుంటే తప్పేముంది అనుకున్నాను. ఇంకొకటి కూడా అనుకున్నాను. ఒకవేళ కావాలనే ఇచ్చి ఉంటే జతో, ఆసో ఇచ్చేవాడు గానీ, పనికిరాని మూడు ముక్కలు ఎందుకిస్తాడు? నేను పడేస్తే? ఈ ప్రశ్న దగ్గర ఎప్పుడూ ఆగిపోయేవాణ్ని.

ఆ సాయంత్రం కొట్టు మూసి, లోపల బల్బు కింద కూర్చుని ఆ గురువారాన్ని మొదటి నుంచి మళ్లీ నడిపించుకున్నాను. ఆయన రావడం, దుప్పటి, రెండు గింజలు, నేను వేలితో తట్టడం, మూడు మూడు ముక్కలు, టీ గ్లాసు. టీ గ్లాసు దగ్గర ఆగాను. అన్ని లెక్కలు వేశాను గానీ ఆ పొద్దు ఆయన చేతుల్ని లెక్కలో వేసుకోలేదు. జతో ఆసో వచ్చి ఉంటే నేను అనుమానపడేవాణ్ని, సెలవు ముట్టేవాణ్ని కాను. అందుకే గీత మీద నిలబెట్టాడు. గీత మీద ఉంటే ఆడాలని తాను నేర్పిన మాట నేను తప్పనని తన సెలవును, కొడుకు తలపాగాను పందెం కాశాడు.

కడపకు ఫోను చేశాను.

"అది ఓడలో నేర్చుకున్నది బిడ్డా. ముక్కలు పంచినోళ్లు చేతుల్ల ఏం లేదని పైన కెమెరాకు చూపాలె. గందుకే దులిపి తిప్పుడు."

"అంటే మోసం చేయలేదని చూపించేది."

"అవును. నేను చూసినన్ని రోజులు తిప్పిండు. ఒక్కనాడు తిప్పలే."

"యా పొద్దు చాచా?"

"నీకు తలపాగా కట్టేదానికి ముందు నెల."

"ఆ పొద్దు సెలవు దొరకలేదని చెప్పినాడు మాకు" అన్నాడు నెమ్మదిగా. "శానా దినాలు నేను ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు చాచా."

"దొరికింది బిడ్డా. ఆయన వంతే. నాకిచ్చిండు."

దుప్పటి దగ్గర్నుంచి జాకీ తొమ్మిది రెండు దాకా, ఆ తర్వాత పాప పుట్టినదాకా మొత్తం చెప్పాను. నా గొంతు నాకే దూరంగా వినపడింది. చెప్పడం అయిపోయాక అతను ఒక్కటే అడిగాడు.

"ఆ పాప?"

"ఉన్నది. హైదరాబాదుల చదువుతున్నది."

ఫోను పెట్టేశాడేమో అనుకున్నాను. అప్పుడు అవతల నుంచి చిన్న చప్పుడు వచ్చింది. ఎండుటాకు మీద ఎండుటాకు పడ్డట్టు.